దండం ఎవరికి పెట్టాలి?

యాత్ర అనగానే మనకు కాశీ, రామేశ్వరం, తిరుపతి గుర్తుకు వస్తాయి. పొట్టకోసం వలస, పుణ్యంకోసం యాత్ర - మనిషి ఊరు దాటడానికి ఈ రెండూ పాత కారణాలు. ఈ కాలంలో మూడో కారణం ఒకటి పుట్టుకొచ్చింది. అది కథ. చిన్నప్పుడు చదివిన బొమ్మల కథలోనో, చూసిన బొమ్మల సినిమాలోనో ఒక మెట్ల వరుస కనిపించిందనుకోండి. ఆ మెట్లు నిజంగా ఏ పేటలో ఉన్నాయో వాకబు చేసి, సముద్రాలు దాటి వెళ్లి, వాటిమీద నిలబడి ఒక ఫోటో దిగి రావడం! జపానువారు దీన్ని "సెయిచి జున్‌రేయి" అంటారు. అచ్చంగా పుణ్యక్షేత్ర యాత్ర అనే అర్థం. షికొకు దీవిలో కోబో దైషి పేరిట 88 బౌద్ధాలయాలు చుట్టి రావడం అక్కడి పాత ఆచారం. ఆ లెక్కనే పట్టుకుని, 2016లో ఏర్పడ్డ ఒక సంఘం బొమ్మల సినిమాలకు సంబంధించిన 88 స్థలాలను ఎంచి జాబితా ప్రకటించడం మొదలుపెట్టింది. హాస్యం కాదు, నిజమే.

మన పెద్దలు ఈ సంగతి వింటే ఏమంటారో నాకు తెలుసు. "అంత చదువు చదివి, అంత డబ్బు తగలేసి జపాను వెళ్లి, చూసింది బొమ్మలా? అక్కడ ఫ్యాక్టరీలు లేవా, గుళ్లు లేవా, హిరోషిమా లేదా?" అంటారు. కుర్రకారేమో, "మా సరదా మాది, మీకెందుకు?" అంటుంది. ఈ ఇద్దరిలో ఎవరి పక్షం వహించాలన్నా నాకు మనసొప్పదు. కథకోసం నడిచి వెళ్లడం చిన్నతనం అయితే, సీతమ్మవారు నార చీరలు ఆరేసిందని పర్ణశాలలో రాతిమీద చారలు చూసి చెమ్మగిల్లే మన కళ్లన్నీ చిన్నతనపు కళ్లే. కనుక యాత్రను నేను తప్పుపట్టను. చిక్కల్లా అక్కడికి వెళ్లాక దండం ఎటు తిరిగి పెడుతున్నామన్న దాని దగ్గర ఉంది. బొమ్మ దగ్గరకు పోయి, బొమ్మ గీసిన చేతిని మరిచిపోయి వస్తున్నామని నా ఫిర్యాదు.

ఉద్యోగం మీదో పరిశోధన మీదో మన కాలేజీల పిల్లలు ఇప్పుడు జపాను చేరుతున్నారు. డోరెమాన్ ఎవరో తెలియని పిల్లవాడు మన వీధిలో కూడా లేడు. కాబట్టి శని, ఆదివారాలు రెండు రోజులు చేతిలో ఉన్న మన విద్యార్థి ఒకడు టోక్యోలో ఈ యాత్ర చేస్తే ఏం చూస్తాడో, ఏం చూడాలో ముచ్చటించుకుందాం.

శనివారం: అందరూ వెళ్లే చోట్లు

పొద్దున్నే కమకురా. టోక్యో నుంచి రైలులో గంట ప్రయాణం. అక్కడ దిగి ఎనోదెన్ అనే చిన్న రైలు ఎక్కాలి. 1902లో మొదలైన ఈ లైను ఇళ్ల పెరళ్లను రాసుకుంటూ పోయి సముద్రం ఒడ్డున తేలుతుంది. "కమకురా హైస్కూలు ముందు" అనే అర్థం వచ్చే పేరుగల స్టేషను పక్కన ఒక రైలుగేటు ఉంది. గేటుకు ఇవతల వాలు రోడ్డు, అవతల నీలం సముద్రం. అంతే! ఇనొఉయె తకెహికో 1990 నుంచి 1996 దాకా గీసిన "స్లామ్ డంక్" అనే బాస్కెట్‌బాల్ కథ టీవీకెక్కినప్పుడు, పేర్లు పడే పాటలో ఈ గేటు కాసేపు కనిపిస్తుంది. ఆ కాసేపు దృశ్యం కోసం తైవాను నుంచి, కొరియా నుంచి, చైనా నుంచి ముప్పై ఏళ్లుగా జనం వస్తున్నారు. 2022లో అదే కథ కొత్తగా సినిమా అయ్యాక రద్దీ మరీ ముదిరింది.

దృశ్యం అందమైనదే, కాదనను. కానీ అక్కడ నిలబడి జనాన్ని చూడండి. బండి వచ్చే వేళకు అందరూ రోడ్డు మధ్యకు దూకుతారు. కార్లవాళ్లు హారను కొట్టలేక ఆగిపోతారు. పై నుంచి దిగి వచ్చే హైస్కూలు పిల్లలు ఈ గుంపును తోసుకుంటూ బడికి పోవాలి. నగరంవారు కాపలా మనుషులను పెట్టి "రోడ్డు మీద నిలవకండి" అని చెప్పించవలసి వచ్చింది. కథలోని బడి పిల్లల మీద ప్రేమతో వచ్చి, కళ్ల ముందున్న బడి పిల్లల దారికి అడ్డం నిలబడటం - ఇదేం భక్తి?

యొత్సుయాలో సుగా గుడి మెట్లదీ ఇదే కథ. 2016లో షిన్‌కాయి మకొతో తీసిన "నీ పేరు" సినిమా చివర నాయికానాయకులు కలుసుకునే ఎర్ర కమ్మీల మెట్లు. నాలుగు వైపులా మామూలు సంసారుల ఇళ్లు. బట్టలు ఆరేసుకునే డాబాలు. అక్కడికి వెళ్లినవాడు గొంతు తగ్గించి మాట్లాడాలన్న సంగతి ఎవరూ బోర్డు పెట్టి చెప్పనక్కర లేదు.

మధ్యాహ్నం ఒదాయిబా. 2017లో అక్కడ ఒక అంగడి సముదాయం ముందు 19.7 మీటర్ల "గన్‌డమ్" మరమనిషిని నిలబెట్టారు. ఆరంతస్తుల మేడంత. వేళ ప్రకారం దాని నెత్తిన కొమ్ము విచ్చుకుంటుంటే పెద్దవాళ్లు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. దీని వెనక కథ మాత్రం ఎవరూ చెప్పరు. 1979లో ఆ సీరియల్ టీవీలో వచ్చినప్పుడు చూసేవాళ్లు చాలక, 52 భాగాలనుకున్నది 43 భాగాలకే, 1980 జనవరిలో, ముగించేశారు. ఆ తరువాత ప్లాస్టిక్ బొమ్మలు బజారులోకి రావడం, పునఃప్రసారాలు పడటంతో పిల్లలు పిచ్చెత్తిపోయారు. ఫెయిలైన పరీక్ష కాగితానికి ఆరంతస్తుల విగ్రహం కట్టినట్లే గదా! మన విద్యార్థులకు ఇంతకంటె ఊరట కలిగించే సంగతి వేరొకటి ఉంటుందా?

రాత్రికి అకిహబారా. లైట్లు, బొమ్మల దుకాణాలు, అంతస్తు అంతస్తుకూ సరుకే సరుకు. యుద్ధం ముగిసిన రోజుల్లో ఇది రేడియో విడిభాగాలు అమ్ముకునే వీధి బజారు. మన కోఠీ గుజరాతీ గల్లీ లాంటిదనుకోండి. 1949లో వీధి దుకాణాలు తీసెయ్యమని ఆక్రమణ సైన్యంవారి ఆజ్ఞ అయితే, వాళ్లంతా రైలు వంతెన కిందికి చేరారు. రేడియోలు పోయి టీవీలు, ఫ్రిజ్‌లు వచ్చాయి. అవి పోయి కంప్యూటర్లు, అవి వెనక్కి తగ్గి బొమ్మలు వచ్చాయి. వంతెన కింద సన్న సందుల్లో డయోడ్లు, కెపాసిటర్లు అమ్మే అంగళ్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ఆ సందుల్లోకి తప్పక వెళ్లాలి.

తిరుగుదారిలో షిబుయా స్టేషను బయట హచికో కుక్క విగ్రహం. 1925లో యజమాని చనిపోయినా దాదాపు పదేళ్లు రోజూ స్టేషనుకు వచ్చి ఎదురుచూసిందన్న కుక్క. 1934లో దానికి విగ్రహం వేశారు. యుద్ధంలో లోహం కరువై కరిగించేశారు. 1948లో మొదటి శిల్పి కొడుకే మళ్లీ చేశాడు. సినిమాల వల్ల ఇది లోకమంతా తెలుసు. అయితే ఆ యజమాని ఎవరు? చుట్టూ నిలబడి ఫోటోలు తీసుకునే వాళ్లలో ఎందరికి తెలుసు? ఉఎనొ హిదెసబురో. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాఖ ప్రొఫెసరు. మన లెక్చరర్లవంటి మేష్టారు! 2015లో, కుక్క చనిపోయి సరిగ్గా 80 ఏళ్లయిన రోజున, విశ్వవిద్యాలయంవారు తమ వ్యవసాయ విభాగం ఆవరణలో ఇంకొక విగ్రహం ఆవిష్కరించారు. అందులో మేష్టారు సంచీ కింద పెట్టి వంగి ఉంటే, కుక్క కాళ్లెత్తి ఆయన మీదికి దూకుతోంది. షిబుయాలో కుక్క ఒంటరి. ఇక్కడ మనిషి తోడున్నాడు. షిబుయా విగ్రహం చుట్టూ కాలు పెట్టడానికి చోటుండదు. ఈ రెండోదాని దగ్గర తీరికగా నిలబడి చూడవచ్చు.

శనివారం చూసినవన్నీ ఇంతే. బొమ్మ ముందు జనం, మనిషి దగ్గర ఖాళీ.

ఆదివారం: చెయ్యి చూడటానికి

ఆదివారం పొద్దున మితాకా. అక్కడ 2001 అక్టోబరు 1న తెరిచిన జిబ్లీ మ్యూజియం ఉంది. మియజాకి హయాఓ పేరు వినని బొమ్మల సినిమా అభిమాని ఉండడు. టిక్కెట్లు గుమ్మం దగ్గర దొరకవు, ముందే కొనుక్కోవాలి. వచ్చే నెలవి ఈ నెల 10వ తేదీన అమ్ముతారు. లోపల ఫోటోలు తీయకూడదు. ఈ రెండు నియమాలకూ విసుక్కునే వాళ్లున్నారు. నేనైతే చేతులెత్తి మొక్కుతాను. కెమెరా సంచీలోకి పోగానే కళ్లు పని మొదలుపెడతాయి. ఒక అంతస్తులో బొమ్మలు వేసేవాడి గదులు ఉన్నట్లున్నట్లుగా అమర్చారు. గోడనిండా స్కెచ్చులు, పుస్తకాలు, రంగు సీసాలు, చెక్కి చెక్కి వేలెడంత మిగిలిన పెన్సిళ్లు. ఆ పెన్సిల్ ముక్కలు చూసినప్పుడు, ఆ సినిమాలు ఎవరో మాయామంత్రంతో చేసినవి కావని, వీపు నొప్పిపుట్టేలా కూర్చుని చేసినవని అర్థమవుతుంది.

అక్కడి నుంచి తోషిమా వార్డులోని మినామి-నాగసాకి పేట. పేరు చూసి అణుబాంబు పడ్డ నాగసాకి అనుకునేరు. ఇది టోక్యోలోనే ఒక సాదా పేట. చూడవలసింది తోకివా-సో. ఈ రెండు రోజులకూ నేను గుండెకాయ అనేది దీన్నే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

తోకివా-సో 1952లో కట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు. గదులు అద్దెకిచ్చే ఇల్లు. ఒక్కొక్క గది నాలుగున్నర చాపలు - అంటే సుమారు తొమ్మిదడుగుల చదరం. వంటిల్లు అందరికీ ఒకటి, మరుగుదొడ్డి అందరికీ ఒకటి, స్నానాల గది లేదు. మన హాస్టళ్ల మీద రోజూ మెస్ సెక్రటరీని తిట్టేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి! 1953లో ఇక్కడికి తెజుకా ఒసాము వచ్చాడు. ఒసాకాలో వైద్యం చదివి, స్టెతస్కోపు పక్కన పెట్టి కుంచె పట్టినవాడు. "ఆస్ట్రో బాయ్" ఆయనదే. ఆ తరువాత 1972 నుంచి పదకొండేళ్లు మన బుద్ధుడి కథను బొమ్మలుగా గీసినవాడూ ఆయనే. 1954లో తెజుకా గది ఖాళీ చేస్తూ, ఆ గదిని తొయామా ప్రాంతం నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకు అప్పగించాడు. తాను కట్టిన బయానా డబ్బు కూడా వెనక్కి తీసుకోకుండా వాళ్లకే వదిలేశాడు. బడిలో కలిసి చదువుకున్న ఆ ఇద్దరూ ఫుజికో ఫుజియో అనే ఒక్క పేరుతో బొమ్మలు వేసేవారు. వాళ్లలో ఒకడైన ఫుజిమొతో హిరోషి తరువాతి కాలంలో డోరెమాన్‌ను గీశాడు.

వాళ్లకు అంతా సవ్యంగా జరిగిందనుకోకండి. 1955 కొత్త సంవత్సరానికి ఇంటికి వెళ్లి, గడువుకు ఇవ్వవలసిన బొమ్మలు పూర్తి చేయలేక, పత్రికల వాళ్ల తంతుల మీద తంతులు అందుకుని, నమ్మకం పోగొట్టుకున్నారు. చాలా కాలం పని ఇచ్చేవాడు లేడు. 1956లో ఇషినోమొరి షోతారో, అకత్సుకా ఫుజియో అదే ఇంట్లో చేరారు. ఇషినోమొరి జీవితకాలంలో గీసిన పుటలు 1,28,000 పైచిలుకు అని గిన్నిస్ వాళ్లు లెక్క కట్టారు. అకత్సుకాకు మాత్రం తొలినాళ్లలో పనే దొరక్క, ఇషినోమొరికి సాయపడుతూ కాలక్షేపం చేశాడు. తరువాత జపానును పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన వాడు ఇతనే. 1958లో కొన్ని నెలలు మిజునో హిదెకో అనే అమ్మాయి కూడా అక్కడ ఉంది. ఆడపిల్లల కథలను ఆడవాళ్లే గీయడానికి దారి వేసిన తొలి తరంలో ఆమె ఒకరు.

ఈ అందరి మధ్యా తెరదా హిరోఓ అని ఒకడుండేవాడు. వయసులో కొంచెం పెద్ద. అద్దెకు డబ్బు చాలని వాడికి చేబదులు ఇచ్చేవాడు. గుండె దిగజారినవాడికి ధైర్యం చెప్పేవాడు. పెద్దన్నలాంటి వాడన్నమాట. అతనూ మంచి చిత్రకారుడే. "స్పోర్ట్స్‌మన్ కింతారో" అనే బేస్‌బాల్ కథ 1959లో మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నాడు. కానీ కాలం మారింది. పత్రికలు గట్టి ఘాటు కోరుకున్నాయి. పిల్లలకు శుభ్రమైన కథలే చెప్పాలన్న పట్టుదల అతనిది. 1970ల్లో కుంచె పక్కన పెట్టేశాడు. 1992లో కన్నుమూశాడు. తోటివాళ్ల పేర్లు లోకమంతా మారుమోగాయి. ఇతని పేరు దేశం దాటలేదు.

1982లో తోకివా-సో శిథిలమై కూల్చేశారు. ఆ రోజుకు అందులో ఉన్నవాళ్ల కీర్తి ఆకాశాన్ని అంటింది, ఇల్లు మాత్రం నేలమట్టమైంది. పేటవాళ్లు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి అడిగారు. చివరికి 2020 జూలై 7న, పాత చోటికి దగ్గర్లోనే ఒక పార్కులో, అచ్చంగా అలాంటి ఇంటినే మళ్లీ కట్టి మ్యూజియంగా తెరిచారు. మెట్లెక్కుతుంటే చెక్క కిర్రుమంటుంది. వంటింటి తొట్టికి మురికి చారలు కూడా గీసిపెట్టారు. అదంతా చూసి నాకు సంతోషమూ కలిగింది, దిగులూ కలిగింది. మురికిని కూడా కొత్తగా తయారు చేసుకోవలసిన గతి ఎందుకు పట్టింది? అసలు మురికిని అట్టేపెట్టుకోవాలని సకాలంలో తోచకపోవడం వల్లనే గదా!

బొమ్మ పేర బతికే ఊళ్లు

ఇక్కడొక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. "యాత్రికులు చిల్లర ఖర్చు పెట్టి పోతారు, ఊరికి ఒరిగేదేమిటి?" అని. తొత్తొరి జిల్లాలో సకైమినతో అనే చేపల రేవు ఉంది. యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకుని, మిగిలిన చేత్తో దయ్యాల కథలు గీసిన మిజుకి షిగెరు పెరిగిన ఊరు. 1993లో అక్కడి వీధిలో ఆయన దయ్యాల కంచు విగ్రహాలు 23 పెట్టారు. 2018 నాటికి అవి 177 అయ్యాయి. వెలవెలబోతున్న బజారు మళ్లీ కళకళలాడింది. సైతామాలో వశినొమియా గుడి ఒక బొమ్మల సీరియల్లో కనిపించాక, 2007 నుంచి కుర్రకారు రావడం మొదలైంది. ఊరివాళ్లు మొదట బిత్తరపోయినా, 2008లో ఊరి పండుగలో ఆ కథ బొమ్మలతో ఒక పల్లకీని వాళ్లచేతనే మోయించారు. వచ్చినవాడు ఊరి బరువు కాస్త భుజానికెత్తుకుంటే ఊరు కాదంటుందా?

అయితే యాత్రకు ఒక హద్దు ఉంది. 2019 జూలై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఒక దుర్మార్గుడు నిప్పు పెట్టగా 36 మంది కళాకారులు చనిపోయారు. ఎక్కువమంది మన విద్యార్థుల కంటె నాలుగైదేళ్లో పదేళ్లో పెద్దవాళ్లు, అంతే. ఆ చోటికి జనం వస్తారని, అక్కడ నలుగురూ వచ్చే స్మారకమో పార్కో పెట్టవద్దని చుట్టుపక్కల వాళ్లు కోరారు. 2024లో స్మారకాన్ని ఉజి పట్టణంలోని పార్కులో నెలకొల్పారు. దుఃఖంలో ఉన్న వీధిని వదిలేసి, వేరే చోట తలవంచడం కూడా యాత్రే. వెళ్లకపోవడమే దండం పెట్టడమయ్యే చోట్లు కొన్ని ఉంటాయి.

మన ఇంటి సంగతి

జపాను ముచ్చట మనకెందుకంటారా? యూగో సాకో, రామ్‌మోహన్ కలిసి పనిచేసిన రామాయణం బొమ్మల సినిమా 1992 నాటిది. 2025 జనవరిలో తెలుగు మాటలతో మన హాళ్లలోకి వచ్చింది. 2022 అక్టోబరులో అక్కడ విడుదలైన మన "ఆర్‌ఆర్‌ఆర్" ఎంతగా ఆడిందంటే, 2024 జనవరిలో తకరజుకా నాటక సమాజంవారు, అందరూ ఆడవాళ్లే నటించే ఆ పేరున్న సమాజంవారు, దాన్ని రంగస్థలం ఎక్కించారు. రేపు ఆ అభిమాని ఒకడు హైదరాబాదులో దిగి, "మీ కథలు పుట్టిన గది చూపించండి" అంటే ఎక్కడికి తీసుకుపోతాం? సెట్టు షూటింగు అయిన మర్నాడే ఎత్తేస్తారు. నాటు పాటకు నేపథ్యమైన మేడ చూడాలంటే కీవ్ వెళ్లాలి.

సరే, సినిమా వదిలేద్దాం. 1947 జూలైలో మద్రాసులో మొదలై, 2013 నాటికి ఆగిపోయిన "చందమామ" సంగతి చూడండి. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యగారు - మన కళ్లకు రాజునూ, రాక్షసుణ్ణీ, బేతాళుణ్ణీ చూపించిన చేతులు ఇవి. ఆ చేతులు ఆనిన బల్ల ఎక్కడ? ఆ కుంచెలు ఎక్కడ? మన పిల్లలను వరసలో నిలబెట్టి తీసుకుపోయి, "ఇదిగో, ఇక్కడ కూర్చుని వేశారు" అని చూపించగలమా? విగ్రహం వేసి, ఏడాదికోసారి దండ వేస్తే చాలదు. గది కావాలి. పెన్సిల్ ముక్క కావాలి. జపానువాళ్లు 38 ఏళ్లు ఆలస్యంగా మేలుకుని డబ్బు పోసి కట్టుకున్నారు. మన దగ్గర ఇంకా కూలకుండా మిగిలినవి ఎన్నో ఉంటాయి. వాటి జాబితా రాయడానికి పెద్ద నిధులక్కర లేదు. మన కాలేజీ తెలుగు శాఖ, చరిత్ర శాఖ, విద్యార్థి సంఘం కలిసి ఒక వేసవి కూర్చుంటే చాలు.

కనుక విద్యార్థి మిత్రులారా, అవకాశం దొరికితే ఆ రెండు రోజుల యాత్ర చేసి రండి. మరమనిషి ముందు నోరు తెరవండి, తప్పు లేదు. రైలుగేటు దగ్గర రోడ్డు దిగి పక్కన నిలబడండి. మెట్ల మీద గొంతు తగ్గించండి. బొమ్మ కొనే ముందు, గీసిన వాడి పేరు కంఠస్థం చేయండి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తోకివా-సోకు ఖాళీ పెట్టుకోండి.

హాస్టల్లో మీ పక్క గదివాడు రాత్రి రెండింటిదాకా దీపం పెట్టుకుని ఏదో గీకుతుంటాడు. వాడు రేపు తెజుకా అవుతాడో, ఏమీ కాకుండా పోతాడో ఎవరూ చెప్పలేరు. వాడి మెస్ బిల్లుకు నాలుగు రూపాయలు తగ్గితే, నెలాఖరున ఆ నాలుగు రూపాయలు ఇచ్చేవాడు కూడా ఒకడుండాలి. పేరు రాకపోయినా, విగ్రహం లేకపోయినా, ఆ చెక్క ఇంట్లో తోటివాళ్లను నిలబెట్టినవాడు తెరదా హిరోఓ. నా దండం అతనికి.